ఆటగాని ఒప్పందపత్రము



కృష్ణానది ఉత్తరపు ఒడ్డున ప్రత్తియు మిరపయు పండు మెరకనేలలలో, ఒకప్పుడు కృష్ణాజిల్లాలో చేరియుండి నేడు ఎన్టీఆర్ జిల్లాలో భాగమైన మా చందర్లపాడు, నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములలో, సాయంకాలము బడి విడిచిన పిల్లలు కబడ్డీయో వాలీబాలో ఆడుచుండుట కనబడునే గాని, ఫుట్‌బాల్ ఆడు జట్లు కనబడుట అరుదు. అట్టి చోటినుండి వచ్చిన నేను ఫుట్‌బాల్ క్రీడాకారుల ఒప్పందములను గూర్చి ప్రసంగింప పూనుకొనుటకు కారణమున్నది. నందిగామ మీదుగా పోవు రాజమార్గము మమ్ము ఒకవైపు విజయవాడతోను, మరియొకవైపు హైదరాబాదుతోను కలుపుచున్నది. ఆ హైదరాబాదు ఒకానొక కాలమున కలకత్తాకు దీటుగా భారతదేశపు ఫుట్‌బాల్‌ను పోషించిన నగరము. ఆ నగరమున ఈ క్రీడ వినోదముగా మొదలై జీవనవృత్తిగా మారిన క్రమమును పరిశీలించినచో, ఒక మనుష్యుడు తన దేహబలమును, యౌవనమును ఒక సంస్థకు కొన్ని సంవత్సరములపాటు అప్పగించునప్పుడు ఆ యప్పగింతకు రక్షణ యెక్కడ నున్నది అను ప్రశ్నకు మన తెలుగునేల తరతరమునకు వేరువేరు సమాధానము లిచ్చుచు వచ్చినట్లు విదితమగును.

ఈ విషయమును నేను ఆటమీది అభిమానముతో మాత్రమే ఎత్తుకొనలేదు. పల్లెలనుండి కూడ నేడు పదునాలుగు పదునైదేండ్ల బాలబాలికలు క్రీడాపాఠశాలలకును, శిక్షణసంస్థలకును ఎంపికై వెళ్లుచున్నారు. అట్టివారిలో ఒక్కరు వృత్తిక్రీడాకారులుగా ఎదిగినను, ఏదో యొకనాడు ఆంగ్లమున వ్రాయబడిన కాగితముల దొంతర వారి యెదుట పెట్టబడును. చివరి పుటలో వేలు చూపి సంతకము చేయుమందురు. ఆ పత్రమున ఏమున్నదో బిడ్డకు తెలియదు, తండ్రికి తెలియదు; తెలిసినవాడు దానిని వ్రాయించినవా డొక్కడే. ఈ యసమానతను కొంతయైనను తగ్గింపవలెనన్నదే నా యుద్దేశము.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ అను ఉపాధ్యాయుడు శిక్షకుడై యుండిన కాలమున హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలుకొని 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలిచినది. ఆ రహీమే భారతజట్టునకును శిక్షకుడై 1951లో ఢిల్లీ యందును, 1962లో జకార్తా యందును ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సున నాలుగవ స్థానమును దేశమునకు సంపాదించి పెట్టెను. ఇంతటి కీర్తి తెచ్చిన ఆ పోలీసు జట్టు ఆటగాండ్రకు నేటి యర్థమున ఒప్పందపత్రము లేవియు లేవు. వారికి ఉన్నది పోలీసు ఉద్యోగము. నెలజీతము, యూనిఫారము, పదోన్నతి, పదవీవిరమణానంతరము పింఛను, ఇవియే వారి ఆటకు ప్రతిఫలములు. ఆటగాడు గోలు కొట్టినను కొట్టకున్నను, మోకాలు విరిగి మైదానమునకు దూరమైనను, ఆ జీతము ఆగెడిది కాదు. పేరునకు వారందరును అమెచ్యూరులు, అనగా ఆటకు వేతనము గొననివారు. ఒలింపిక్ నియమము లట్లు కోరినవి. దేశమున ఫుట్‌బాల్ జట్లను నడపిన రైల్వేలును, సైనికదళములును, ప్రభుత్వశాఖలును అదే పద్ధతి ననుసరించినవి.

ఈ పద్ధతిని నేడు కొందరు వెనుకబడిన కాలపు లక్షణముగా భావింతురు గాని, నా యభిప్రాయ మట్టిది కాదు. ఫుట్‌బాల్ ఆటగాని వృత్తిజీవితము సాధారణముగా పది పన్నెండేండ్లకు మించదు. తక్కిన ఉద్యోగులు పని నేర్చుకొని స్థిరపడు వయస్సున ఆటగాడు తన పనిని చాలించుకొనవలసి యున్నది. అట్టివానికి పదవీవిరమణ వరకు అన్నము పెట్టు ఉద్యోగమే ఆనాటికి లభ్యమైన అత్యుత్తమ రక్షణ. సికిందరాబాదు చేరువ అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబమున జన్మించిన తులసీదాస్ బలరామ్ జీవితమే ఇందుకు నిదర్శనము. రహీమ్ ఆ బాలుని ప్రతిభను గుర్తించి సాధనకు రమ్మన్నప్పుడు, అంతదూరము వచ్చి పోవుటకు సైకిలు అద్దెకైనను అతనియొద్ద పైకము లేకపోగా, ఆ యద్దెను రహీమే ఇచ్చి పిలిపించుకొనెనని ప్రసిద్ధి. బలరామ్ తల్లి కోరినది కుమారునకు ఒక ప్రభుత్వోద్యోగము. ఆ కుమారుడు మెల్బోర్న్‌లో ఆడెను, 1957లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరెను, 1961లో ఆ జట్టునకు నాయకుడై కలకత్తా లీగును గెలిపించెను, జకార్తాలో స్వర్ణపతకమును అందుకొనెను. 1963లో, ఇంకను ఇరువదియేడేండ్ల ప్రాయముననే, ఊపిరితిత్తుల పొరకు వచ్చిన వ్యాధిచేత ఆటకు స్వస్తి చెప్పవలసి వచ్చెను. ఆటగా డెంత గొప్పవాడైనను వ్యాధి వాని ప్రతిభను గౌరవింపదు. బలరామ్‌ను ఆ తరువాత నిలువబెట్టినది రైల్వే ఉద్యోగము. అతని పాదములలోని విద్యకు వెల కట్టగలిగిన క్లబ్బుల యొద్ద, ఆ పాదములు నిలిచిపోయిన దినమున ఏమి చేయవలెనో చెప్పు కాగితము ఆ కాలమున లేదు.

ఉద్యోగమను ఈ రక్షణను తనంత తాను వలదనుకొని, ఆటయే నా వృత్తియని నిలిచిన హైదరాబాదీ ఒకడు ఆ తరువాతి తరమున వచ్చెను. అతడు మహమ్మద్ హబీబ్. 1949లో హైదరాబాదున జన్మించి, 1966లో ఈస్ట్ బెంగాల్‌లో చేరి, పదునెనిమిదేండ్లకు దగ్గరగా ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ అను మూడు కలకత్తా మహాజట్లకును ఆడిన ఆ యోధుడు, తోటివారందరును రైల్వేలోనో బ్యాంకులోనో ఒక కుర్చీని చూచుకొనుచుండగా, వచ్చిన ఉద్యోగములను నిరాకరించి, క్లబ్బు ఇచ్చు పైకముపైననే జీవించెను. భారతదేశపు తొలి వృత్తి ఫుట్‌బాల్ ఆటగాడని అతనిని వ్యవహరించుట అందువలననే. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడలలో, హైదరాబాదీయే యైన సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వమున కాంస్యము గెలిచిన జట్టులో అతడుండెను. 1977 సెప్టెంబరులో పెలే సహితముగా న్యూయార్క్ కాస్మాస్ జట్టు ఈడెన్ గార్డెన్సునకు వచ్చినప్పుడు, రెండు రెండు గోల్సుతో సమముగా ముగిసిన ఆ పోటీలో మోహన్ బగాన్ పక్షమున ఒక గోలు అతనిది. సాధనలోను, నియమములోను, విశ్రాంతిలోను అతడు పాటించిన కాఠిన్యమును గూర్చి సహచరులు చెప్పుకొనుచుండిరి. పగలు కార్యాలయమున కూర్చుండి సాయంకాలము బంతి నాడువాడు ఆ కాఠిన్యమును పాటింపజాలడు. వృత్తి అనగా కాలమంతయు ఆ పనికే అర్పించుట. కాలమంతయు అర్పించినవానికి ఆ కాలముయొక్క మూల్యమును పూర్తిగా కోరు హక్కు కలదు. హబీబ్ తన బ్రతుకుతో ఈ విషయమును స్థాపించెను.

అయితే ఆ మూల్యమును కోరి రాబట్టుకొనుటకు అతని తరమువారి యొద్ద ఆధారమేమి? చాలవరకు క్లబ్బు కార్యదర్శి నోటిమాట. ఏడాదికొకమారు బదిలీల కాలము వచ్చును. ఆటగాడు స్వయముగా బెంగాల్ ఫుట్‌బాల్ సంఘపు కార్యాలయమునకు పోయి, ఏ క్లబ్బునకు ఆడదలచెనో ఆ క్లబ్బు పేర సంతకము చేయవలెను. ఆ సంతకము జరుగువరకు ప్రత్యర్థుల కంట పడకుండ క్లబ్బులవారు తమ ఆటగాండ్రను ఎక్కడెక్కడనో దాచియుంచుటయు, దారిలో ఎత్తుకొనిపోవుటయు కలకత్తా మైదానపు చరిత్రలో మరల మరల వినబడు ముచ్చట. తరువాతి కాలమున టోకెను పద్ధతి వచ్చినది. ఆటగాని టోకెను ఎవరి చేతనున్నదో ఆటగాడు వారివాడు. ఆటల ఋతువు ముగిసినను, బాకీ మిగిలినను, టోకెను తిరిగి రానిదే మరియొక జట్టులో చేరుటకు వీలులేదు. ఒక వస్తువు చేత బట్టుకొని ఒక మనుష్యుని కదలికను బంధించిన ఆ పద్ధతిని తలచుకొన్నప్పుడు నాకు నేటికిని బాధ కలుగును.

ఇది బెంగాలు నేలలో మాత్రమే పుట్టిన దోషము కాదు. ఫుట్‌బాల్‌ను వృత్తిగా 1885లోనే అంగీకరించిన ఇంగ్లండులో, ఒప్పందపు గడువు తీరిన తరువాత గూడ ఆటగాని నమోదును క్లబ్బు చిరకాలము తనయొద్దనే అట్టిపెట్టుకొనగలిగెడిది. అట్టిపెట్టుకొన్నంతకాలము అతడు వేరొకచోట ఆడుటకు వీలులేకుండెను. మన పల్లెలలో పూర్వము ఏడాది జీతమునకు కుదిరిన పాలేరు, ముందుగా తీసికొన్న బదులు తీరనందున, సంవత్సరము నిండినను మరియొక కామందు నాశ్రయింపలేక ఆ యింటిలోనే పడియుండుట మా పెద్దలు ఎరుగుదురు. ఆంగ్లదేశపు ఆటగాని స్థితి దానికి మిక్కిలి భిన్నము కాదు. పైగా అతనికి బదులైనను లేదు. దీనికి తోడు జీతమునకు గరిష్ఠపరిమితి యొకటి: వేలాది ప్రేక్షకులు రుసుము చెల్లించి చూడవచ్చు మేటి ఆటగానికి సైతము వారమునకు 20 పౌండ్లకు మించి యియ్యరాకుండెను. జిమ్మీ హిల్ నాయకత్వమున ఆటగాండ్ర సంఘము సమ్మెకు సిద్ధపడగా 1961 జనవరిలో ఆ పరిమితి తొలగినది. జార్జి ఈస్టమ్ అను ఆటగాడు న్యూకాసిల్ క్లబ్బు తన్ను విడువనందున నెలల తరబడి ఆట మానివేసి, కార్కు విక్రయించు పనిలో కుదురుకొని, పిదప న్యాయస్థానమున కెక్కి 1963లో ఆ బంధము అన్యాయమైనదని తీర్పు పొందెను.

అంతటితో సమస్య తీరలేదు. ఐరోపాలో గడువు ముగిసిన ఆటగానికిని బదిలీరుసుము కోరు ఆచారము మరి మూడు దశాబ్దములు సాగినది. బెల్జియమునకు చెందిన జాన్ మార్క్ బోస్మాన్ ఒప్పందము 1990లో ముగిసినది. అతని లియెజ్ క్లబ్బు పాత జీతములో నాలుగవ వంతునకు క్రొత్త ఒప్పందము చూపినది. ఫ్రాన్సులోని డంకర్క్ జట్టులో చేరబోగా రుసుము తగవుచేత అదియు పొసగలేదు. అతడు వ్యాజ్యమునకు దిగెను. 1995 డిసెంబరు 15వ తేదీన ఐరోపా న్యాయస్థానము, గడువు తీరిన ఆటగాడు స్వతంత్రుడనియు, అతని రాకపోకలకు రుసుము అడ్డు కారాదనియు తేల్చి చెప్పెను. నేడు కోట్లు గడించు ప్రతి ఆటగాడును బోస్మాన్‌కు ఋణపడియున్నాడు. ఆ బోస్మాన్ మాత్రము వ్యాజ్యమునందే తన ఆటవయస్సును పోగొట్టుకొని దారిద్ర్యమున పడెను. మన దేశమున 1872 నాటి ఒప్పందముల చట్టములోని 27వ సెక్షను, ఎవనినైనను చట్టబద్ధమైన తన వృత్తిని సాగింపనీయక నిరోధించు ఒడంబడిక చెల్లదని ఏనాడో చెప్పియున్నది. ఆ సెక్షను మన పుస్తకములలో ఉండగనే టోకెను పద్ధతి మన మైదానములలో నడచినది.

ఇక నేటి పత్రమునకు వత్తము. అంతర్జాతీయ సమాఖ్యయగు ఫిఫా ఆటగాండ్ర స్థితిని, బదిలీలను గూర్చి ఒక నియమావళిని రూపొందించి 2001 నుండి అమలుపరచుచు, పలుమారులు సవరించినది. అఖిలభారత ఫుట్‌బాల్ సమాఖ్య నిబంధనలును ఆ చట్రములోనివే. దీనిని అర్థము చేసికొనగోరువారు మొదట ఒక భేదమును గ్రహింపవలెను: ఒప్పందము వేరు, నమోదు వేరు. ఒప్పందము ఆటగానికిని క్లబ్బునకును మధ్య జీతమును గూర్చినది; నమోదు సమాఖ్య పుస్తకములో అతడు ఏ క్లబ్బు పక్షమున ఆడుటకు అర్హుడో తెలుపునది. జీతము రాకున్నను నమోదు ఒక క్లబ్బు పేర నుండవచ్చును. క్రొత్త క్లబ్బు దొరకినను, బదిలీలకు నిర్ణయింపబడిన కాలము, అనగా బదిలీల కిటికీ, తెరచియుండనిదే నమోదు మారకపోవచ్చును. ఈ రెంటి నడుమనే ఆటగాండ్రు నలిగిపోవుచుందురు.

ఒప్పందపు కనీస గడువు ఆ ఋతువు ముగియువరకు, గరిష్ఠ గడువు ఐదేండ్లు. పదునెనిమిదేండ్లు నిండనివారి విషయమున మూడేండ్లకు మించిన భాగమును ఫిఫా గుర్తింపదు. సామాన్యోద్యోగి ఒక నెల ముందు తెలిపి ఉద్యోగము విడువగలడు. ఆటగాడు అట్లు చేయజాలడు, క్లబ్బును అట్లు చేయజాలదు. గడువులోపల న్యాయమైన హేతువు లేక వైదొలగినవాడు పరిహారము చెల్లింపవలెను. ఇరువదియెనిమిదేండ్లలోపు సంతకము చేసినవానికి తొలి మూడేండ్లును, ఆ పైబడినవానికి తొలి రెండేండ్లును రక్షితకాలము. ఆ కాలమున ఒప్పందమును భంగపరచినచో పరిహారమే కాక ఆట నిషేధము గూడ తగులును. మరి ఆటగానికి ఊరట యెక్కడ? గడువులోని చివరి ఆరు నెలలలో అతడు మరియొక క్లబ్బుతో ముందస్తు ఒప్పందము చేసికొనవచ్చును. రెండు నెలల జీతము అన్యాయముగా బాకీ పడినచో, వ్రాతపూర్వకముగా తెలిపి పదునైదు దినముల వ్యవధి నిచ్చి, అప్పటికిని చెల్లింపనియెడల తానే ఒప్పందమును రద్దుపరచుకొనవచ్చును. బలరామ్ కథ విన్నవారికి ముఖ్యముగా చెప్పవలసిన నిబంధన మరియొకటి యున్నది: వైద్యపరీక్షలో నెగ్గినగాని ఒప్పందము చెల్లదని వ్రాయుట నిషిద్ధము. పరీక్ష చేయదలచినచో సంతకమునకు ముందే చేయవలెను. సంతకమైన పిమ్మట ఆటగాని దేహదోషమును సాకుగా చూపి తప్పించుకొనుటకు వీలులేదు.

జీతమన్న మాటలో ఇమిడియున్న అంశములు వేరువేరు. నెలనెల వచ్చు మూలజీతము నిశ్చితము. సంతకమునాడు ఇచ్చు మొత్తము ఒకప్పుడు ఒక్కసారిగా, ఒకప్పుడు వాయిదాలుగా వచ్చును. ఆడిన పోటీలకును, గోల్సునకును, జట్టు గెలుపునకును కట్టు బోనస్ అనిశ్చితము. శిక్షకుడు బెంచిపై కూర్చుండబెట్టినచో అది లేదు. ఒప్పందము విలువ ఇంత లక్షలని చెప్పునప్పుడు ఏజెంట్లు నిశ్చితమును అనిశ్చితమును కలిపి చెప్పుదురు. వినువారు విడదీసి వినవలెను. గడువు ముగియునప్పుడు మరియొక ఏడాది పొడిగించు హక్కు క్లబ్బునకు మాత్రమే యుండి ఆటగానికి లేకుండు నిబంధనను నేను అన్నిటికంటె ప్రమాదకరమైనదిగా తలంతును. ఆట బాగుగా సాగినచో పాత జీతమునకే బంధింపబడును, దెబ్బ తగిలినచో విడిచివేయబడును. రిలీజ్ క్లాజు దీనికి విరుద్ధదిశలో పనిచేయును: నిర్ణీతమైన సొమ్ము చెల్లించినవారు ఆటగానిని విడిపించుకొనిపోవచ్చును. 2017లో నేమార్‌ను బార్సిలోనా నుండి పారిస్ క్లబ్బు 22 కోట్ల 20 లక్షల యూరోలు చెల్లించి తీసికొనిపోయినది ఇట్టి నిబంధన ననుసరించియే.

ఒప్పందమున గడువునకు ఎంత బలమున్నదో 2024లో అన్వర్ అలీ వ్యవహారము మన దేశమునకు చూపినది. ఢిల్లీ ఎఫ్‌సీ నుండి నాలుగేండ్ల లోన్ పై, అనగా అరువుపై, మోహన్ బగాన్‌లో నున్న ఆ రక్షణభాగపు ఆటగాడు, దానిని మధ్యలో తెంచుకొని ఈస్ట్ బెంగాల్ వైపు పోగా, సమాఖ్య సంఘము అతనికి నాలుగు నెలల నిషేధమును, అతనిపైనను ఢిల్లీ, ఈస్ట్ బెంగాల్ క్లబ్బులపైనను 12.90 కోట్ల రూపాయల పరిహారమును విధించెను. విషయము ఢిల్లీ హైకోర్టునకు పోగా, కొలదిదినములలోనే ఆ యుత్తర్వును ఉపసంహరించి మరల విచారించుటకు సమాఖ్య సమ్మతించెను. అంత పెద్ద మొత్తమును చూచి చిన్న ఆటగాండ్రు బెదరవలసిన పనిలేదు గాని, సంతకమునకు పూర్వమున్న స్వేచ్ఛ సంతకము తరువాత ఉండదని మాత్రము ఎరుగవలెను.

క్లబ్బు పక్షమున భంగము జరిగినప్పుడు ఏమగును? దీనికి మన హైదరాబాదే సాక్షి. 2019లో పుణె క్లబ్బు స్థానమున ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్‌సీ, మనోలో మార్కెజ్ శిక్షణలో 2022 మార్చి 20వ తేదీన గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగు విజేత యైనది. గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి ఆనాడు మూడు పెనాల్టీలను నిలువరించెను. ఆ ఋతువున అత్యధికముగా 18 గోల్సు చేసినవాడు ఆ జట్టులోని నైజీరియా ఆటగాడు ఓగ్‌బెచే. రహీమ్ నగరమునకు పూర్వవైభవము తిరిగి వచ్చెనని నాబోటివారు పొంగిపోయిన రోజులవి. రెండేండ్లు తిరుగకమునుపే ఆటగాండ్రకును సిబ్బందికిని నెలల తరబడి జీతములు అందకపోయెను. ఆ ఓగ్‌బెచేయే తన బాకీకై ఫిఫాను ఆశ్రయించెను. క్రొత్తవారిని నమోదు చేసికొనరాదని క్లబ్బుపై నిషేధము పడెను. విదేశీయులలో పెక్కురు ఒకరి వెంట నొకరు వెడలిపోయిరి, స్వదేశీయులలోను పేరున్నవారు వేరుచోట్లకు పోయిరి. మిగిలిన యువకులతో 2023-24 ఋతువున ఆ జట్టు ఒకే యొక పోటీ గెలిచి, పండ్రెండు జట్లలో పండ్రెండవదై నిలిచినది. తరువాత యాజమాన్యము మారినది. 2025లో ఆ క్లబ్బు హైదరాబాదును విడిచి ఢిల్లీ చేరి, పేరు సైతము మార్చుకొన్నది.

ఈ యుదంతము నుండి నేను గ్రహించినది ఇది: పత్రము ఎంత చక్కగా వ్రాయబడినను, దాని వెనుక ధనము లేనిచో అది బాకీకి సాక్ష్యమే యగును గాని అన్నము కాజాలదు. ఆ సాక్ష్యమైనను ఎంత విలువగలదో ఆ విదేశీయులు నిరూపించిరి. వ్రాతపూర్వకమైన ఒప్పందము ఉన్నందుననే వారి ఫిర్యాదును ఆలకించువా రుండిరి. హబీబ్ తరమున క్లబ్బు మాట తప్పినచో ఆలకించువారే లేరు. పోలీసు జట్టులో ప్రభుత్వమే హామీదారు గనుక ఫిర్యాదు పుట్టవలసిన యవసరమే కలుగలేదు. క్లబ్బుల పైన మరియొక ఒప్పందముండును. అది కదలినను క్రిందివారు కదలుదురు. సమాఖ్యకును లీగు నిర్వాహకసంస్థకును 2010లో కుదిరిన పదునైదేండ్ల హక్కుల ఒడంబడిక 2025 డిసెంబరుతో ముగియనుండగా, పొడిగింపు తేలనందున ఆ జూలైలో లీగు నిలుపుదలయైనది; కొన్ని క్లబ్బులు తమ ఆటగాండ్ర జీతములను ఆపివేసినవి. ఆటగాడు తాను చేయని ఒప్పందపు గడువు వలన తన జీతమును కోల్పోవుట ఎంతమాత్రము న్యాయము కాదు. జీతములకు సరిపోవు సొమ్మును బ్యాంకు హామీగా చూపనిదే ఏ క్లబ్బునకును లీగులో ప్రవేశ మీయరాదని నేను దృఢముగా నమ్ముచున్నాను.

బాలికల విషయము వేరుగా చెప్పవలసి యున్నది. నిజామాబాదు జిల్లాలోని ఒక తండా నుండి వచ్చిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ మహిళాజట్టుతో ఒప్పందము చేసికొని, పిదప స్వదేశమున ఈస్ట్ బెంగాల్ పక్షమున లీగు ఆడుచు పేరు గడించినది. భారత మహిళల లీగులో ప్రతి క్లబ్బును కనీసము పదిమంది స్వదేశీయ క్రీడాకారిణులతో ఏడాదికి 3.20 లక్షల రూపాయలకు తగ్గని ఒప్పందములు చేసికొనవలెనని సమాఖ్య 2023లో నిర్ణయించినది. ఆ మొత్తము స్వల్పమే. అయినను, శిబిరభత్యముతోను ప్రయాణఖర్చులతోను సరిపెట్టబడుచుండిన మహిళా క్రీడాకారిణికి, నేను ఫలానా క్లబ్బు ఉద్యోగినిని అని చెప్పుకొను అధికారము దానివలన వచ్చినది.

ఇప్పుడు మా మెరకప్రాంతపు తల్లిదండ్రులకు రెండు మాటలు. మన చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండని బాలుడు చేసికొన్న ఒప్పందము చెల్లదని 1903లోనే ప్రీవీ కౌన్సిలు తీర్మానించినది. అందుచేత సంతకము మీచేత చేయింతురు, బాధ్యతయు మీపైననే పడును. శిక్షణ ఉచితమని చెప్పి, మధ్యలో విడిచినచో ఖర్చంతయు తిరిగి చెల్లింపవలెనని వ్రాసియున్నదేమో చూడుడు. చదువు సాగునో ఆగునో వ్రాసియున్నదేమో చూడుడు. దెబ్బ తగిలినప్పుడు శస్త్రచికిత్సకును, ఆ తరువాతి నెలల వ్యాయామచికిత్సకును ఎవరు భరింతురో స్పష్టపరుపుడు. ఏజెంటుగా వచ్చినవానికి ఫిఫా అనుమతిపత్రమున్నదో లేదో అడుగుడు. అన్నిటికంటె ముందు, రెండుపక్షములవారి సంతకములున్న ప్రతి నొకదానిని ఇంటికి తెచ్చుకొనుడు.

శిక్షణ ఇచ్చు ఊరివారికిని ఈ వ్యవస్థలో ఒక భాగము ఉన్నదన్న సంగతి అనేకులకు తెలియదు. ఒక ఆటగాడు ఒప్పందపు గడువులోపల ఒక దేశపు క్లబ్బు నుండి మరియొక దేశపు క్లబ్బునకు రుసుముపై బదిలీ యైనప్పుడు, ఆ రుసుములో నూటికి ఐదు వంతులు, పన్నెండవ యేటి నుండి ఇరువదిమూడవ యేటి వరకు అతనికి శిక్షణ యిచ్చిన క్లబ్బులకు పంచిపెట్టబడవలెను. ఆ సొమ్మును సక్రమముగా చేర్చుటకై ఫిఫా 2022లో పారిస్‌లో ప్రత్యేకసంస్థ నొకదానిని నెలకొల్పినది. రుసుము కోటిరూపాయలైనచో పంపకమునకు వచ్చునది ఐదు లక్షలు. అందు పన్నెండు మొదలు పదునైదేండ్ల వయస్సు వరకు శిక్షణ యిచ్చిన క్లబ్బునకు ఏడాదికి 25 వేల చొప్పునను, పదునారు మొదలు ఇరువదిమూడు వరకు యిచ్చినవారికి ఏడాదికి 50 వేల చొప్పునను చెందును. చందర్లపాటి క్లబ్బొకటి ఒక బాలునికి తొలి నాలుగేండ్లు ఆట నేర్పియున్నచో, దానికి రావలసినది లక్షరూపాయలు. ఆ లక్షతో మైదానము చదును చేయవచ్చును, గోలుస్తంభములు పాతవచ్చును, బంతులు కొనవచ్చును. కాని అది వచ్చుటకు ఆ క్లబ్బు జిల్లా, రాష్ట్ర సంఘములలో చేరియుండవలెను. బాలుని పేరు, పుట్టినతేది సమాఖ్యవారి నమోదువ్యవస్థలో ఏ ఏటికాయేడు ఎక్కియుండవలెను. ఊరి మైదానమున ఆట నేర్పించు వ్యాయామోపాధ్యాయులును, యువజనసంఘములవారును ఈ ఋతువునుండియే ఆ నమోదును ఆరంభింప కోరుచున్నాను.